బలమూ, మందూ: యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితం నుంచి ఒక టీబీ డాక్టరు నేర్చుకున్నది

స్వర్ణోత్సవ సావనీరుకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు ఫోను చేసినప్పుడు, పాత జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉంటారు కదా, నేను ఒక మహనీయుడి జీవితం రాస్తానన్నాను. నేను మన బడిలో 1974 బ్యాచ్ విద్యార్థిని. ఛాతీ జబ్బుల డాక్టరుగా దాదాపు ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఎవరి గురించి రాయాలన్న ఆలోచన రాగానే మనసులో మెదిలిన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారిది. తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు విటమిన్ల పాఠం మధ్యలో ఆపి, ఈ పుస్తకంలో లేని ఒక తెలుగువాడి సంగతి చెబుతానని మొదలుపెట్టి, గంట కొట్టేదాకా చెప్పారు. ఆ రోజు విన్నది సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. మధ్యలో మన బ్యాచ్ మిత్రుడొకడి ప్రాణం కూడా పోయింది. ఆ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆయన జీవితం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగుండక ఉద్యోగం మధ్యలోనే మానుకోవలసి వచ్చింది. ఏడుగురు పిల్లలున్న ఇల్లు. ఇంటి భారమంతా తల్లి వెంకమ్మగారి మీదే పడింది. పిల్లవాడికి చదువు మీద ధ్యాస తక్కువ. పదమూడేళ్ళప్పుడు డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి కాశీకి బయలుదేరాడట. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుంటే చాలునని అతని లెక్క. తల్లి వెంటపడి వెనక్కి తెప్పించి మళ్ళీ బడిలో వేసింది. రాజమండ్రిలో చదివించింది. తండ్రి పోయాక నగలు అమ్మి మద్రాసు పంపింది.

మన బడి పిల్లలకు ముఖ్యంగా చెప్పవలసిన మాట ఇక్కడ ఒకటుంది. సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మొదటిసారి తప్పారు, రెండోసారీ తప్పారు. మద్రాసు తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూలు నుంచి మూడోసారి పాసయ్యారు. ఆ తరవాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు మనసు సన్యాసం వైపు మళ్ళింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలనుంటే డాక్టరై చేయవచ్చన్న ఆలోచనతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చులకు ఆదుకున్నది కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. 1919లో ఆయన కూతురు శేషగిరిగారితో పెళ్ళయింది.

అవి గాంధీగారి పిలుపుతో విద్యార్థులు ఊగిపోతున్న రోజులు. సుబ్బారావుగారు ఖద్దరు కట్టి కాలేజీకి వెళ్ళారు. శస్త్రచికిత్స ప్రొఫెసరు తెల్లదొరకు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె ఒక మెట్టు తక్కువైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే అదీ రాలేదు.

ఈ లోపల ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో ఒకే జబ్బుతో పోయారు. ఆ జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. అప్పటి డాక్టర్ల దగ్గర దానికి మందు లేదు. కొన్నాళ్ళకు సుబ్బారావుగారికే అదే జబ్బు వచ్చింది. ఆయన్ని బతికించింది ఆయుర్వేద పండితులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారు. కోలుకున్నాక లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణ శాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు. తనను బతికించిన మందులో ఏముంది, తన అన్నదమ్ముల ఒంట్లో ఏది లేకపోయింది అన్న ప్రశ్న అక్కడే ఆయన మనసులో నాటుకుని ఉంటుందని నేననుకుంటాను. జబ్బు చేసిన మనిషికి రెండు రకాలుగా సాయం చేయవచ్చు. ఒంట్లో లేనిదాన్ని ఇవ్వడం ఒకటి, ఒంట్లో చేరిన శత్రువును చంపడం రెండోది. సుబ్బారావుగారి జీవితమంతా ఈ రెండింటి మధ్యే నడిచింది.

1922 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం ఉన్నా, చేతిలో ఉన్న డబ్బు ఎక్కువ రోజులకు సరిపడేది కాదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు దొరికింది కాని, వేతనం లేదు. రాత్రిళ్ళు ఒక ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పనికి కుదిరారు. పగలు హార్వర్డ్ విద్యార్థి, రాత్రి ఆస్పత్రి కూలీ. వెనక ఇంట్లో శేషగిరిగారికి కొడుకు పుట్టాడు. పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. మూడేళ్ళలో వస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ ఎన్నడూ తిరిగిరాలేదు. ఆ ఇల్లాలు జీవితమంతా ఎదురుచూస్తూనే ఉండిపోయారు. మహానుభావుల చరిత్ర రాసేటప్పుడు ఈ సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తుంటాం. అలా దాటేయవలసినది కాదని నాకనిపిస్తుంది.

హార్వర్డ్‌లో ఆయన సైరస్ ఫిస్కె అనే ఆచార్యుడి దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి అని వైద్య విద్యార్థులు తరతరాలుగా నేర్చుకున్నది అదే. నేనూ మెడికల్ కాలేజీ ప్రయోగశాలలో ఆ పేరు మొదటిసారి చూసి, పక్కవాణ్ని మోచేత్తో పొడిచి చూపించాను. ఆ కొలత చేతికి వచ్చాక 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వేరుచేసి చూపించారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఎ.టి.పి.ని గుర్తించాడు. మనం చెయ్యి కదిపినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి ఆ ఎ.టి.పి. రూపంలోనే ఉంటుంది. మన వాడుక భాషలో బలం అంటామే, దాని రసాయన రూపాన్ని పట్టుకున్నవారిలో ఒకరు మెట్రిక్ రెండుసార్లు తప్పిన ఈ భీమవరం కుర్రాడు.

1930లో పిహెచ్.డి. వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. తరవాతి పదేళ్ళు ఆయన చూపు కాలేయం మీద పడింది. కాలేయపు సారం ఇస్తే రక్తహీనత రోగులు కోలుకుంటున్నారని అప్పటికి తెలుసు. అందులో ఏముందో తెలియదు. ఆ వెతుకులాటలోనే 1939లో పాంటోథెనిక్ ఆమ్లం అనే బి-విటమిన్ ఎలుకల పోషణలో ఏ పనిచేస్తుందో జార్జి హిచింగ్స్‌తో కలిసి ప్రచురించారు. ఈ పాంటోథెనిక్ ఆమ్లం పేరు పాఠకులు కాస్త గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ వస్తుంది.

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ లేబరేటరీస్‌లో చేరారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనలన్నింటికీ డైరెక్టరయ్యారు. మిగిలిన ఎనిమిదేళ్ళలో ఆయన బృందం చేసిన పనిని తలచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది.

మొదటిది ఫోలిక్ ఆమ్లం. 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని రక్తహీనత రోగులకు, స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. మంచం పట్టినవాళ్ళు లేచి తిరిగారు. పాతికేళ్ళ కిందట అన్ననూ తమ్ముణ్ణీ తీసుకుపోయిన జబ్బుకు మందు సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచే వచ్చింది. కథ అక్కడితో ఆగితే విటమిన్ అంటే అమృతమనే అనుకుంటాం. కాని వెంటనే రెండో పాఠం వచ్చింది.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు కనిపించింది. బిడ్డకు బలమనుకున్నది జబ్బుకు బలమైంది. అయితే ఫోలిక్ ఆమ్లం లాగే కనబడుతూ దాని పనికి అడ్డుపడే పదార్థం ఉంటే ఎలా ఉంటుంది? సుబ్బారావుగారి బృందం అలాంటివి తయారుచేసి పంపింది. అందులో ఒకటైన ఎమినాప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు కొన్నాళ్ళపాటు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రక్తక్యాన్సర్ మందుకు లొంగుతుందని తేలింది అప్పుడే. ఆ కోవలోదే మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ క్యాన్సర్‌లో, కీళ్ళవాతంలో వాడుతున్నాం.

మూడోది హెట్రజాన్. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు మీద పనిచేసే ఈ మందు 1947లో వచ్చింది. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి డి.ఇ.సి. బిళ్ళలు మింగించిన ఆరోగ్య కార్యకర్తలు మనకందరికీ తెలుసు. ఆ బిళ్ళ ఇదే. నాలుగోది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటి యాంటీబయాటిక్. బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని పట్టుకున్నాడు. ఆ పనిని నడిపించినది సుబ్బారావుగారు. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు.

ఇక అసలు నేను చెప్పదలచుకున్న అయిదోది. సుబ్బారావుగారి గురించి రాసేవాళ్ళు సాధారణంగా దీన్ని వదిలేస్తారు. అది టీబీ సంగతి.

అప్పటికి క్షయకు స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. 1943లో న్యూజెర్సీలో షాట్జ్, వాక్స్‌మన్ కనిపెట్టిన ఆ ఇంజెక్షన్‌తో రోగులు మొదట బాగా కోలుకునేవారు. కొన్ని నెలలకు క్రిమి మందుకు అలవాటుపడి మళ్ళీ విజృంభించేది. తోడు మందు కావాలి. 1945లో ఫ్రాన్సులో షోరీన్ అనే శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. నికోటినమైడ్, అంటే మనం బి3 విటమిన్ అనేది, క్షయ సోకిన జంతువుల్లో క్రిమి మీద పనిచేస్తోంది. పెల్లాగ్రా అనే పోషకాహార లోపపు జబ్బుకు ఇచ్చే విటమిన్ అది. మన తెలంగాణ జిల్లాల్లో జొన్నే ప్రధాన ఆహారంగా తిన్న పేదల్లో ఆ జబ్బు ఉండేది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గోపాలన్‌గారు దాని మీద పేరున్న పరిశోధన చేశారు. ఆకలితో వచ్చే జబ్బును మాన్పే విటమిన్, క్షయ క్రిమిని కూడా ఆపగలదా?

లెడర్లీలో సుబ్బారావుగారి బృందం ఈ ప్రశ్నను చేతిలోకి తీసుకుంది. క్షయ సోకించిన తెల్ల ఎలుకలకు నికోటినమైడ్ ఇచ్చి చూసిన పరిశోధన, నికోటినమైడ్‌ను కొద్దికొద్దిగా మార్చి కొత్త పదార్థాలు తయారుచేసిన పరిశోధన, రెండూ 1948లో అచ్చయ్యాయి. రెండింటి మీదా సుబ్బారావుగారి పేరుంది. రసాయన పని ముందుండి చేసినవాడు శామ్యూల్ కుష్నర్.

ఆ ఏడాది ఆగస్టులోనే, ఆరియోమైసిన్ ప్రకటన జరిగి నెలైనా కాకముందే, సుబ్బారావుగారు నిద్రలో గుండె ఆగి పోయారు. వయసు 53. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. స్వతంత్ర భారతదేశాన్ని కళ్ళతో చూడలేదు.

ఆయన పోయినా ఆ పని ఆగలేదు. నికోటినమైడ్ నిర్మాణంలో చిన్న మార్పు చేస్తే వచ్చిన పైరజినమైడ్, 1952లో క్షయ మందుగా బయటికి వచ్చింది. మొదట్లో పెద్ద మోతాదులు వాడితే కాలేయం దెబ్బతినేది. దాంతో కొన్నాళ్ళు పక్కన పెట్టారు. 1970లలో తగ్గించిన మోతాదులో, రిఫాంపిసిన్‌తో కలిపి మొదటి రెండు నెలలు వాడితే, చికిత్స మొత్తం ఆరు నెలలకు తగ్గుతుందని తేలింది. ఇవాళ మన పల్లెలో క్షయ రోగి చేతిలో పెట్టే బిళ్ళల్లో పైరజినమైడ్ ఉంటుంది.

అది పనిచేసే తీరు చూడండి. పైరజినమైడ్ తనంతట తాను క్రిమిని చంపదు. క్షయ క్రిమి దగ్గర నికోటినమైడ్‌ను విడగొట్టుకునే ఎంజైము ఒకటుంది. క్రిమి ఈ మందును ఆ విటమిన్ లాగే భావించి, అదే ఎంజైముతో విడగొడుతుంది. అప్పుడు పుట్టే ఆమ్లం దాని ప్రాణం తీస్తుంది. విటమిన్ వేషంలో వెళ్ళిన శత్రువన్నమాట. ఫోలిక్ ఆమ్లం వేషంలో ఎమినాప్టెరిన్ వెళ్ళినట్టే. ఇంకో విచిత్రం ఉంది. సుబ్బారావుగారు 1939లో పనిచేసిన పాంటోథెనిక్ ఆమ్లం గుర్తుందా? ప్రయోగశాలలో క్షయ క్రిమి పెరిగే పాత్రలో ఆ విటమిన్ కలిపితే, పైరజినమైడ్ దెబ్బ నుంచి క్రిమి తప్పించుకుంటోందని ఈమధ్య కాలంలో చూపించారు. పాత్రలో జరిగినది ఒంట్లో అలాగే జరగాలని లేదు. అయినా విటమిన్ అనేది ఎప్పుడూ మన పక్షమే ఉంటుందనుకోవడానికి వీల్లేదని ఇది చెబుతోంది.

ఇప్పుడు మన మిత్రుడి సంగతి. పేరు చెప్పను. మా బ్యాచ్ వాళ్ళకు తెలుస్తుంది. కబడ్డీలో జిల్లాకు ఆడినవాడు. 1990లో దగ్గుతో, చిక్కిపోయి నా దగ్గరికి వచ్చాడు. కళ్ళె పరీక్షలో క్రిమి కనిపించింది. మందులు మొదలుపెట్టాను. అప్పట్లో సరఫరా సరిగా ఉండేది కాదు, కొన్ని బిళ్ళలు బయట కొనుక్కోవలసి వచ్చేది. ఒరేయ్, ఒంట్లో సత్తువ లేదురా, బలానికి ఏదన్నా రాయరా అని అడిగాడు. స్నేహితుడు కదా, కాదనలేక అదే చీటీలో ఒక విటమిన్ టానిక్ కూడా రాశాను. రెండు నెలలకు కండపట్టాడు, దగ్గు తగ్గింది. తరవాత రావడం మానేశాడు. ఏడాది దాటాక వచ్చినప్పుడు రక్తం కక్కుతున్నాడు. ఏం వాడావురా అంటే, డబ్బు ఇబ్బందిగా ఉండి బిళ్ళలు ఆపేశానని, నేను రాసిన బలం మందు మాత్రం ఒక్క నెల కూడా మానలేదని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని ముఖంలో నా మాట నిలబెట్టానన్న తృప్తి ఉంది. మళ్ళీ మందులు మొదలుపెట్టాం. ఆపి ఆపి వాడిన మందులకు క్రిమి లొంగలేదు. 1993లో పోయాడు.

చీటీలో రెండు వరుసలు రాసిన నేను, ఏది ప్రాణం నిలిపేదో, ఏది దానికి తోడో అతనికి చెప్పలేదు. చదువుకున్నవాడు, తెలుసులే అనుకున్నాను. అది నా తప్పే. ఆ తరవాత నా దగ్గరికి వచ్చిన ప్రతి రోగికీ ఆ ఒక్క ముక్క విడమరిచి చెప్పకుండా చీటీ ఇవ్వలేదు.

ఇప్పుడు టానిక్ అనే పేరు పోయి యాంటీఆక్సిడెంట్ అనే పేరు వచ్చింది. మన పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కూడా విటమిన్ సి, గ్లూటాథయోన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ గురించి సందేశాలు తిరుగుతుంటాయి. వాటిలో అబద్ధమంతా ఉందని అనను. క్షయ వచ్చినప్పుడు క్రిమితో పోరులో పుట్టే ఆక్సిజన్ రకపు విషాలు మన ఊపిరితిత్తులనే కాల్చుతాయి. వాటిని అణచేవే యాంటీఆక్సిడెంట్లు. అందుకని యాంటీబయాటిక్స్‌తో పాటు వీటిని కూడా ఇస్తే ఊపిరితిత్తులు తక్కువ చెడతాయా, కాలేయానికి రక్షణ ఉంటుందా అని నిజంగానే పరిశోధనలు జరుగుతున్నాయి.

కాని ఇందులోనూ సుబ్బారావుగారి రెండో పాఠం ఉంది. క్రిమిని చంపడానికి మన తెల్లకణాలు వాడే ఆయుధాల్లో ఆ ఆక్సిజన్ విషాలు కూడా ఉన్నాయి. క్రిమికీ సొంత యాంటీఆక్సిడెంట్ రక్షణ ఉంది. క్యాట్-జి అనే ఎంజైము అందులో ఒకటి. ఐసోనియాజిడ్ బిళ్ళను చంపే మందుగా మార్చేది ఆ ఎంజైమే. అది పాడైన క్రిమి ఐసోనియాజిడ్‌కు లొంగదు. 2013లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు విటమిన్ సి క్షయ క్రిమిని చంపుతోందని ప్రకటించినప్పుడు పత్రికలన్నీ రాశాయి. లోపల చూస్తే, ఆ పాత్రలో విటమిన్ సి యాంటీఆక్సిడెంటుగా పనిచేయలేదు. ఇనుముతో కలిసి ఆక్సిజన్ విషాలను పుట్టించి చంపింది. 2017లో అదే బృందం ఎన్-ఎసిటైల్ సిస్టీన్‌ను ఐసోనియాజిడ్‌తో కలిపితే, మందుకు లొంగని క్రిములు తలెత్తకుండా పోయాయని చూపించింది. దానికి కారణం కూడా క్రిమి శ్వాస పెరగడమేనని తేల్చింది. పేరు ఒకటి, పని ఒకటి. పైగా అవి గాజు పాత్రలో జరిగినవి. మనిషి ఒంట్లో ఆ మోతాదు నిమ్మకాయ నీళ్ళతో రాదు.

ఒకటి మాత్రం ఖాయం. ఐసోనియాజిడ్ వాడేవారికి బి6 విటమిన్ ఇస్తాం. ఆ మందు బి6 పనికి అడ్డుపడి కాళ్ళు చేతులు తిమ్మిరెక్కిస్తుంది కాబట్టి. అక్కడ విటమిన్‌కు ఒక పని ఉంది, ఒక మోతాదు ఉంది, మందుకు తోడుగా దాని స్థానం ఉంది.

మరి తిండి సంగతేమిటి? 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ఒకటి లోకమంతటి వైద్యాన్ని మార్చింది. మంచి తిండి, విశ్రాంతి ఉన్న శానటోరియం రోగులూ, ఇరుకు గుడిసెల్లో అరకొర తిండితో ఉన్న రోగులూ ఒకే మందులు వాడితే, దాదాపు ఒకేలా నయమయ్యారు. మందు లేని తిండి క్షయను మాన్పలేదు, తిండి తక్కువైనా మందు మాన్పింది. అంటే తిండి అక్కర్లేదనా? కాదు. 2023లో ప్రచురించిన జార్ఖండ్ పరిశోధనలో, క్షయ రోగుల ఇళ్ళలో ఉన్నవారికి మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్ళలు ఇస్తే, ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. జబ్బు రాకుండా ఆపడంలో, వచ్చినవాడు ఒళ్ళు కూడబెట్టుకోవడంలో తిండికి అంత శక్తి ఉంది. క్షయ రోగుల పోషణకు ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు, ఇప్పుడు 1,000 రూపాయలు ఇస్తున్నది అందుకే.

సుబ్బారావుగారు సన్యాసి కావాలనుకుని కాలేకపోయారు. పేరు కోసం పాకులాడలేదు కాబట్టి చాలాకాలం మనవాళ్ళకే ఆయన తెలియలేదు. 1995లో శతజయంతికి తపాలా బిళ్ళ వచ్చింది. ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. నా దృష్టిలో ఆయన స్మారకం ఆరోగ్య కేంద్రంలో రోజూ రోగి మింగే బిళ్ళే. విటమిన్ ఎక్కడ ప్రాణం పోస్తుందో ఫోలిక్ ఆమ్లంతో చూపించారు. అదే విటమిన్ ఎక్కడ జబ్బుకు మేత అవుతుందో, దాని వేషంలోనే మందు ఎలా వెళ్ళగలదో కూడా ఆయన బృందమే చూపించింది. రెండింటినీ ఆయన కలగాపులగం చేయలేదు.

మన బడి ఉపాధ్యాయులకూ, పూర్వ విద్యార్థులకూ నా విన్నపం ఒక్కటే. మీకు తెలిసినవారెవరైనా రెండు వారాలు మించి దగ్గుతుంటే కళ్ళె పరీక్షకు పంపండి. క్షయ అని తేలితే మందులు ఉచితం. గుడ్లు, పప్పు, పళ్ళు పెట్టండి. విటమిన్ గాని, యాంటీఆక్సిడెంట్ గాని కొనదలిస్తే ముందు డాక్టరును అడగండి. ఏది కొన్నా, ఏది మానినా, క్షయ బిళ్ళలు మాత్రం చెప్పిన చివరి రోజు దాకా మింగేటట్టు చూడండి. మూడోసారి పాసైన విద్యార్థి జీవితం నుంచి, ఒక మిత్రుణ్ణి పోగొట్టుకుని నేను నేర్చుకున్న పాఠం ఇది.